పచ్చబడ్డ నల్లచెరువు

8 జూన్ 2002, శనివారం

వాన పడింది. మొదటి వానే దంచి కొట్టింది. అందరూ చెరకుకి యూరియా, సూపర్‌ఫాస్ఫేటు చల్లుకుని నడుం వాల్చారో లేదో, పైనుంచి కుండపోత. మా ఆయన గణపతి గొడుగైనా తీసుకోకుండా పొలానికి పరుగెత్తాడు. తడిసి ముద్దయి తిరిగొచ్చి, "వొక్క గింజ ఎరువు మిగల్లేదే. అంతా సెరువులోకి ఎలిపోనాది" అన్నాడు. మా అత్త అప్పయ్యమ్మ చూరు కింద నిలబడి, చేతిలో వాన పట్టి మొహానికి రాసుకుంటోంది. "ఎరువు పోతే పోనాది. వాన వొచ్చింది కాదేటిరా? ఇంకేటి కావాల నీకు?" అంది.

నల్లచెరువుకి ఎర్రనీళ్ళు చేరాయి. సగం కూడా నిండలేదు. అయినా ఊరంతా వెళ్ళి గట్టు మీద నిలబడి, పెళ్ళికూతుర్ని చూసినట్టు చూసి వచ్చాం.

21 జూన్

వాన లేదు.

2 జూలై

వాన లేదు. ఆరుద్ర కార్తె కూడా అయిపోవస్తోంది. మబ్బులు కొయ్యూరు కొండల దాకా వచ్చి, ఏదో మరిచిపోయినట్టు వెనక్కి వెళ్ళిపోతున్నాయి. ఎండ మాత్రం వైశాఖంలో లాగే కాస్తోంది.

చెరువు పచ్చబడుతోంది. పేరుకి నల్లచెరువు, చూస్తే గోంగూర ఉడికించిన నీళ్ళలా ఉంది. అత్తకి భలే సంతోషం. "సెరువు సీర కట్టుకుంది, సూడు" అంది. పచ్చగా కనబడేదేదైనా ఆవిడకి మంచిదే. మొన్న అంగన్‌వాడీ ఎదురింటి లోవలక్ష్మి కొత్త జాకెట్టు చూసి కూడా ఇలాగే మురిసిపోయింది.

ఊళ్ళో నూతులు అడుగంటాయి. అంగన్‌వాడీ దగ్గర బోరింగు కొట్టగా కొట్టగా ఓ బిందె వస్తుంది. అందుకని చాలామంది చెరువు నీళ్ళు తెచ్చుకుంటున్నారు. టీచర్ని కాబట్టి తల్లులందరినీ కూర్చోబెట్టి మళ్ళీ చెప్పాను, నీళ్ళు మరిగించి తాగండి, మరిగిస్తే ఏ రోగమూ రాదు అని. "కర్రలు నువ్విత్తావేటి ఝాన్సీ టీచరమ్మా?" అంది లోవలక్ష్మి. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను.

11 జూలై

చెరువు మీద మీగడ కట్టింది. పచ్చటి మీగడ. గాలికి అదంతా ఊరి వైపు రేవుకి చేరుతోంది. వాసనకి ఎవరూ ఆ నీళ్ళు ముంచడం లేదు. బోరింగు దగ్గర మాత్రం జుట్లు పట్టుకుంటున్నారు.

14 జూలై, ఆదివారం

లోవలక్ష్మి గేదె చచ్చిపోయింది. పొద్దున చెరువులో దిగి తాగొచ్చింది. మధ్యాహ్నానికి నోట్లోంచి నురగ, కాళ్ళు తన్నుకోవడం, అంతే. పశువుల డాక్టరు సూర్యప్రకాష్ గారు నర్సీపట్నం నుంచి మోటారుసైకిలు మీద వచ్చేసరికి ఈగలు ముసురుతున్నాయి. ఆయన గేదెని కాసేపు చూశారు, చెరువుని అంతకంటే ఎక్కువసేపు చూశారు. ఒక సీసాలో ఆ పచ్చనీళ్ళు పట్టుకున్నారు. "ఇది విశాఖపట్నం పంపిస్తాను. సంగతి తేలేదాకా పశువుల్ని ఇందులో దింపకండి" అన్నారు.

లోవలక్ష్మి గేదె మెడ మీద పడి ఏడుస్తుంటే, వాళ్ళ చిన్నది సత్యశ్రీ వచ్చి నా చెయ్యి పట్టుకుంది. "టీచర్, అది నిద్రపోతందా?" అని అడిగింది. అవునన్నాను.

15 జూలై

వాన లేదు.

18 జూలై

ప్రెసిడెంటు సింగన్న మావ మా ఇంటికొచ్చాడు. ఊళ్ళో మాట అయిపోయిందట, ఆదివారం వరదపాశం పొయ్యాలని. నేను ఈ ఊరు కోడలిగా వచ్చాక ఒక్కసారే చూశాను. వాన మొహం చాటేసినప్పుడు ఇంటింటి బియ్యం, బెల్లం, పాలు పోగుచేసి, చెరువు నీళ్ళతో పరమాన్నం వండుతారు. రేవులో పాశంబండ అని పలకరాయి ఉంది, దాని మీద పోస్తారు. చేతులు వెనక్కి పెట్టుకుని, మోకాళ్ళ మీద వంగి, నాలికతో నాకాలి. గొడ్డులా వంగి అడిగితే పైవాడికి సిగ్గేసి వాన ఇస్తాడని అత్త అంటుంది. వండడం, మొదట నాకడం ఎప్పుడూ అత్తే. వాళ్ళత్త నుంచి వచ్చిందట ఆ పని.

"బోరింగు నీళ్ళతో వండకూడదా?" అని అడిగాను.

"బోరింగు నీల్లతో వొండితే బోరింగు మీదే పడతాది వాన" అంది అత్త. సింగన్న మావ పడీపడీ నవ్వాడు.

"డాక్టరు గారు దింపొద్దన్నారు కదా, మావా."

"పసువుల్ని దింపొద్దన్నారమ్మా. ఇది దేముడి పని."

సరే, అయితే బియ్యం వెయ్యకముందే నీళ్ళు బాగా మరగాలి, నేనే దగ్గరుండి మరిగిస్తాను అన్నాను. అత్త నా బుగ్గ పుణికి, "మా కోడలు సదువుకున్నాది" అంది సింగన్న మావతో. మాకు పిల్లల్లేరు. ఆ మాట ఆవిడ నోట ఒక్కసారి కూడా వినలేదు నేను. ఊళ్ళో ఎవరైనా ఎత్తితే మాత్రం వాళ్ళ ఏడుతరాల సంగతీ ఎత్తేది.

21 జూలై, ఆదివారం

పాశం అయింది.

రేవు పక్కనే పొయ్యి తవ్వారు. ఇత్తడి గుండిగతో అత్తే స్వయంగా నీళ్ళు ముంచింది. పైన మీగడ చేత్తో తోసి ముంచినా నీళ్ళు పచ్చగానే వచ్చాయి. రెండు మడతల గుడ్డతో వడగట్టాను. తర్వాత మంట పెంచి మరిగించాను. ఆడవాళ్ళు "సాల్లే టీచరమ్మా" అంటున్నా వినలేదు. నీళ్ళు బాగా ఇంకాయి. అత్త నన్ను చూసి నవ్వుతూ, "సెరువుని కూడా అంగన్‌వాడీలో ఏసీసినావే అమ్మీ" అంది. బెల్లం, పాలు పడ్డాక మంచి వాసనే వచ్చింది.

బండ మీద పచ్చగా ఎండిన పొర ఉంటే, దాని మీదే పోసేశారు. కడగడానికి నీళ్ళేవీ, చెరువు నీళ్ళే కదా. అత్త పొద్దున్నుంచి పచ్చి మంచినీళ్ళు ముట్టలేదు. అందరికంటే ముందు వంగింది. నెరిసిన ముడి ఊడి బండ మీద పడింది. తర్వాత ఆడవాళ్ళం. రాయి కాలుతోంది. నేను రెండుసార్లు నాలిక ఆనించి లేచాను. నాకు లోపల సిగ్గేసింది, నిజం చెప్పాలంటే. అత్త మాత్రం బండ మీద మెతుకు మిగలకుండా నాకింది. గుండిగ అడుగున మాడిన ముద్ద కూడా దేముడిది పారెయ్యకూడదని తనే తినేసింది. అప్పటిదాకా ఉపవాసం కదా, ఆకలేసి ఉంటుంది.

22 జూలై

అత్తకి వాంతులు. లోవలక్ష్మికీ, ఇంకా కొందరికీ. ఎండలో వంగోడం వల్ల అన్నారు. నిమ్మరసం ఇచ్చాను.

23 జూలై

వాన!

సాయంత్రం మొదలైంది. ఊరంతా రోడ్డు మీదకొచ్చి మా గుమ్మం ముందు గెంతారు. "అప్పయ్యమ్మ వాన! అప్పయ్యమ్మ వాన!" అత్త మంచం మీంచే వింది. లేవలేకపోయింది. మొహం కిటికీ వైపు తిప్పమంది, తిప్పాను.

25 జూలై

అత్త కళ్ళు పసుపుపచ్చగా ఉన్నాయి. గణపతి రేపు ఆసుపత్రికి తీసుకెళదామంటున్నాడు. కె.డి.పేట నుంచి వచ్చే ఆటో మాట్లాడాడు. వాన వెలిసింది. నేల పదునుగా ఉందని అందరూ మళ్ళీ యూరియా చల్లుతున్నారు.

27 జూలై

నర్సీపట్నం ఆసుపత్రిలో ఉన్నాం. కామెర్లు ముదిరి లివరు పాడైందట. ఎన్నాళ్ళ నుంచి అని అడిగారు. మొన్నటిదాకా బిందె మోసేదండి అన్నాను. విశాఖపట్నం తీసుకెళ్ళమన్నారు. అత్త నా కొంగు పట్టుకుని, "ఇంటికెల్లిపోదామే అమ్మీ. ఆకు పసరు పోసుకుంటే తగ్గిపోద్ది" అంటోంది. మళ్ళీ వాన పడుతోంది.

29 జూలై

అత్త పోయింది.

1 ఆగస్టు

జనం వస్తున్నారు. టీ పెడుతున్నాను.

4 ఆగస్టు

ఎవరొచ్చినా ఒకటే మాట. అప్పయ్యమ్మ తన పేణం ఇచ్చి వాన తెచ్చిందట. పక్క ఊళ్ళ నుంచి కూడా వచ్చి మంచం ఉన్న చోట దణ్ణం పెట్టుకుని వెళుతున్నారు. పాశంబండకి పసుపు రాసి బొట్టు పెట్టారు. గణపతి ఎవరితోనూ ఎక్కువ మాట్లాడడం లేదు గానీ, ఈ మాట విన్నప్పుడల్లా మొహంలో కొంచెం వెలుగు వస్తోంది. ఆ వెలుగు వచ్చినప్పుడే రెండు ముద్దలు తింటున్నాడు.

నాకు ఏడుపు రావడం లేదు. అందరూ చూస్తున్నారు. రావడం లేదు.

8 ఆగస్టు

పెద్దకార్యం అయింది. పప్పులో ఉప్పు వేశానో లేదో తెలియక గణపతిని అడిగాను. వేశావన్నాడు. నాకు తెలియలేదు.

13 ఆగస్టు

అంగన్‌వాడీ కేంద్రానికి వెళ్ళాను. పిల్లలకి పాట చెప్పాను. చెప్పినట్టు గుర్తు.

17 ఆగస్టు

వాన లేదు. ఎండ తిరిగి ముదిరింది. ఆ రెండు వానలకీ ఎర్రబడ్డ చెరువు మళ్ళీ పచ్చబడుతోంది. ఈసారి ఇంకా బేగి.

తొందరగా అని రాయబోయి బేగి అని రాశాను. అది అత్త మాట.

21 ఆగస్టు, బుధవారం

సూర్యప్రకాష్ గారు వచ్చారు. కేంద్రం ముందు బండి ఆపి, మంచినీళ్ళు అడిగి, ముందు ఈ నీళ్ళెక్కడివి అన్నారు. బోరింగువన్నాక తాగారు. విశాఖపట్నం నుంచి కబురు వచ్చిందట.

"గేదెని చంపింది ఆ పచ్చదేనమ్మా. చూడ్డానికి నాచులాగే ఉంటుంది గానీ, కొన్ని రకాల్లో విషం ఉంటుంది. పొలాల్లో ఎరువంతా ఒక్క వానకి చెరువులోకి కొట్టుకొచ్చింది. తర్వాత వాన లేదు, ఎండలు, నీళ్ళు కదలకుండా నిలబడిపోయాయి. అది పెరగడానికి ఇంకేం కావాలి? అసలు వాన లేకపోయినా ఇంత ఉండేది కాదు, వరసగా పడినా కొట్టుకుపోయేది."

"మరిగిస్తే పోతుంది కదండీ?" అన్నాను.

"పోదమ్మా. క్రిములైతే చస్తాయి. ఇది విషం కదా. మరిగిస్తే ఆ నాచు చితికి, లోపలున్నది కూడా నీళ్ళలోకి దిగుతుంది. నీళ్ళు ఇంకేకొద్దీ చిక్కబడుతుంది."

"గుడ్డతో వడగడితే?"

"గుడ్డకి ఆగదు."

"రాయి మీద ఎండిపోయి ఉంటే?"

"ఎండినా అందులోనే ఉంటుంది." ఆయన గ్లాసు కింద పెట్టారు. "మీ అత్తగారు పోయారని విన్నాను. ఎలా పోయారు?"

చెప్పాను. పాశం సంగతీ చెప్పాను. ఆయన హెల్మెట్టు చేతిలోకి తీసుకున్నారు. "నేను మనుషుల డాక్టర్ని కాదమ్మా" అన్నారు. వెళుతూ సింగన్న మావకి కూడా చెప్పి వెళ్ళారు.

22 ఆగస్టు

బాగా మరిగించాను.

23 ఆగస్టు

ఇల్లు అలికాను. అత్త చీరలు మడతపెట్టాను. ముసలావిడ, ఒంట్లో ముందే ఏదో ఉండి ఉండొచ్చు. లోవలక్ష్మి బాగానే ఉంది కదా. నేనూ బాగానే ఉన్నాను కదా. ఆయనే అన్నారు, మనుషుల డాక్టర్ని కాదని.

25 ఆగస్టు, ఆదివారం

సింగన్న మావ వచ్చాడు. వచ్చే ఆదివారం మళ్ళీ వరదపాశమట. "అప్పయ్యమ్మ దారి సూపించీసింది. ఈపాలి పిల్లల సేత నాకిద్దాం. సిన్నపిల్లల మాట దేముడు కాదనడు. వొండాల్సింది నువ్వే, మరెవులున్నారు? మీ అత్త సెయ్యి నీకే కదమ్మా వొచ్చింది."

"డాక్టరు గారు మీకు చెప్పారు కదా, మావా."

"సెప్పేరు. గేదె సంగతి సెప్పేరు."

పిల్లలంటే నా పిల్లలే. కేంద్రంలో ఉన్నవాళ్ళే. గణపతి అరుగు మీద కూర్చుని వింటున్నాడు, మొహంలో ఆ వెలుగు. నేను సరేనన్నాను. బోరింగు నీళ్ళు తెచ్చి ఎవరూ చూడకుండా గుండిగలో పోసేస్తే సరిపోతుంది.

27 ఆగస్టు

సరిపోదు. కేంద్రం నుంచి వస్తూ పాశంబండ దగ్గర ఆగాను. పసుపు పైన పచ్చపొర అట్టకట్టి ఉంది. గోరుతో గీకితే రేకులా లేచింది. చీపురుతో తోమాను. బోరింగు నీళ్ళు బండకి పనికిరావంటారు, చెరువులో ముంచిన నీళ్ళతోనే కదా కడగాలి, కడిగిన చోట మళ్ళీ పచ్చన. అటుగా పోతున్న ఆడవాళ్ళు చూసి, "అత్త కోసం ఎంత పడతందో పాపం" అనుకున్నారు.

అత్త నా మాట నమ్మింది. మరిగిస్తే ఏమీ కాదన్నాను, నమ్మింది. సంతోషంగా నాకింది. ఇప్పుడు ఏడుపొచ్చింది. బండ మీద కూర్చుని ఏడ్చాను. చాలా గట్టిగా ఏడ్చాను. మళ్ళీ ఆగిపోయింది.

29 ఆగస్టు

గణపతికి చెప్పాను. చెరకు తోటలో, మధ్యాహ్నం, అన్నం పెట్టాక. డాక్టరు గారన్నదంతా చెప్పాను. నీళ్ళు మరిగించింది నేనేనని చెప్పాను.

అతను ఎంగిలి చెయ్యి గడ్డికి తుడిచేసుకున్నాడు. "మా యమ్మ వాన తెచ్చీసి పోనాదని ఊరంతా అంతన్నారు. నాకు మిగిలింది ఆ మాటొక్కటే. అదీ లాగీసుకుంతావేటి?" అన్నాడు.

నేను గిన్నెలు సర్దాను.

"ఎవులికీ సెప్పకు" అన్నాడు. "పాశం వొండను, వొంట్లో బావోలేదని సెప్పు. సాలు."

నేను వండకపోతే ఇంకొకరు వండుతారు. ఆ మాట అతనికీ తెలుసు.

31 ఆగస్టు

వాన లేదు. ఇంటింటి బియ్యం పోగుచేస్తున్నారు. లోవలక్ష్మి సత్యశ్రీకి కొత్తగౌను తెచ్చింది.

1 సెప్టెంబరు, ఆదివారం

రాస్తాను. ఉన్నది ఉన్నట్టు రాస్తాను.

పిల్లలందరికీ తలంటు పోసి గట్టు మీద వరసగా నిలబెట్టారు. పొయ్యి సిద్ధంగా ఉంది. సింగన్న మావ నన్ను ముందుకి పిలిచాడు. నేను చెప్పాను. మాట పిల్లలకి పాఠం చెప్పినట్టే వచ్చింది. లోవలక్ష్మి గేదెని చంపిందీ, మా అత్తని చంపిందీ ఈ నీళ్ళే, మరిగించినా విషం పోదు, నేనే మరిగించాను, నేనే తప్పు చెప్పాను అన్నాను.

సింగన్న మావ మెల్లిగా, పెద్దమనిషిలా, "వాన కోసం పేణం ఇచ్చిన మనిసమ్మా. విసం తిని సచ్చిందనకు. పాపం" అన్నాడు. లోవలక్ష్మి మాత్రం నా మొహంలోకి చూసి, "మరి పెపంచకానికంతా మరిగించి తాగమన్నావు కదే" అంది. వెనకనుంచెవరో, "అత్త పోయిన దుక్కంలో మతి సెలించింది. ఒగ్గీయండి" అన్నారు. ఇంకెవరో గుండిగ అందుకుని నీళ్ళు ముంచడానికి దిగారు.

గణపతి వైపు చూశాను. అతను చెరువు వైపు చూస్తున్నాడు.

గట్టు మీద విప్పిన నా చెప్పులు కనిపించాయి. వేసుకున్నాను. అవి వేసుకుని రేవులోకి దిగి, పాశంబండ ఎక్కాను. పసుపు మీద, బొట్టు మీద, మా అత్త నాలిక ఆనిన చోట చెప్పుకాళ్ళతో నిలబడ్డాను. ఈ చివర నుంచి ఆ చివరకి నడిచాను. మళ్ళీ వెనక్కి నడిచాను. "ఓలమ్మా, ఓలమ్మా" అని ఆడవాళ్ళు చెవులు మూసుకున్నారు, నేనేదో అరుస్తున్నట్టు. నేను ఏమీ అరవలేదు.

మైలపడ్డ బండ మీద పాశం పొయ్యరు. ఏడాదిపాటు పొయ్యరు. గుండిగ ముంచినవాళ్ళు ఒంపేశారు. ఎవరి పిల్లల్ని వాళ్ళు చంకనేసుకుని వెళ్ళిపోయారు.

గణపతి నా ముందు నడిచాడు. ఇంటిదాకా వెనక్కి తిరిగి చూడలేదు.

2 సెప్టెంబరు

అత్తని చంపానన్న మాట నిన్న నేనే అన్నాను. ఇవాళ ఊరంటోంది. వానని కూడా నేనే చంపానంటోంది.

4 సెప్టెంబరు

వాన లేదు. గణపతి అరుగు మీదే తింటున్నాడు, అక్కడే పడుకుంటున్నాడు. పొద్దున చూస్తే వాకిట్లో బోరింగు నీళ్ళు నిండు బిందె పెట్టి ఉంది. ఎవరు తెచ్చారని అడగలేదు. అతనూ చెప్పలేదు.

5 సెప్టెంబరు

వాన లేదు. కేంద్రం తెరిచాను. తుడిచాను, చాప పరిచాను. ఒక్క పిల్లా రాలేదు. తల్లులు పంపరు. గుమ్మంలో కూర్చున్నాను. ఎదుట రోడ్డు మీద దుమ్ములో పిల్లలు ఆడుకుంటున్నారు. సత్యశ్రీ కొత్తగౌను అప్పుడే చింపేసుకుంది. నా వైపు చూసి చెయ్యి ఊపబోతే లోవలక్ష్మి లోపలికి లాక్కుపోయింది. కాసేపటికి పిల్ల మళ్ళీ బయటికొచ్చింది.

సాయంత్రం దాకా అక్కడే కూర్చుని చూశాను. అందరూ ఉన్నారు.